అర్జీ కూడా ఆ పోస్టాఫీసులోంచే వెయ్యండి

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్లకి ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసుని పక్క ఊరి ఆఫీసులో కలిపేస్తాం, చెప్పుకునేదేమైనా ఉంటే ఫలానా తేదీలోగా చెప్పండి అని గోడకి కాగితం అంటిస్తే మనం చేసేదేంటి? కుర్రాళ్లు ఒక అర్జీ టైపు చేయిస్తారు. "పోస్టాఫీసు మాకు చాలా అవసరం, దయచేసి మూయవద్దు." కింద మూడొందల సంతకాలూ వేలిముద్రలూ. ఎమ్మెల్యేగారి చేతికిచ్చి ఫొటో దిగుతారు. ఫైల్లో అది ‘గ్రామస్తులు వ్యతిరేకించారు’ అని ఒక్క ముక్కగా మిగుల్తుంది. దాని పక్కనే ఆదాయం ఇంత, ఖర్చు ఇంత, పక్క ఆఫీసు ఇన్ని కిలోమీటర్లు అని అంకెలుంటాయి. అంకెకి అంకెతోనే జవాబివ్వాలి, దండంతో కాదు.

అసలు మూసేముందు జనాన్ని అడిగి తీరాలని మన తపాలా చట్టంలో లేదు. 1898 నాటి చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. అందులోనూ ఆ మాట లేదు. బ్రిటన్‌లో 2007లో 2,500 దాకా పోస్టాఫీసులు మూస్తామన్నప్పుడు ప్రాంతానికి ఆరు వారాల చొప్పున గడువిచ్చి అడిగారు. మనకి కాగితం అంటించారంటే అదే పదివేలు, ఆ నాలుగు రోజుల్నీ వాడుకోవాలి. ఎమ్మెల్యే దగ్గర పొద్దు పుచ్చకండి. తపాలా కేంద్రం సబ్జెక్టు, రాజ్యాంగం ఏడో షెడ్యూలు మొదటి జాబితాలో 31వ అంశం. డివిజన్ సూపరింటెండెంటుకి ఒక కాపీ, బరంపురంలో పోస్టుమాస్టర్ జనరల్‌కి ఒకటి, భువనేశ్వర్‌లో చీఫ్ పోస్టుమాస్టర్ జనరల్‌కి ఒకటి. ఎంపీకి ఇంకొకటి.

అర్జీలో మొదటి ప్రశ్న: మా ఊరిని ఏ కొలతతో కొలిచారు? బ్రాంచి తెరవడానికి శాఖ పెట్టుకున్న లెక్కలు రెండు రకాలు. మామూలు ప్రాంతమైతే ఊళ్ల గుంపులో 3,000 జనాభా ఉండాలి, ఖర్చులో మూడో వంతైనా ఆదాయం రావాలి. కొండ, గిరిజన ప్రాంతమైతే ఒక్క ఊళ్లో 500 మంది గానీ గుంపులో 1,500 మంది గానీ చాలు, ఆదాయం 15 శాతం చాలు. దగ్గరి ఆఫీసు మామూలుగా కనీసం 3 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు మొత్తం షెడ్యూల్డు ఏరియా, అంటే రాజ్యాంగం ప్రకారం ప్రకటించిన గిరిజన ప్రాంతం. గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ (జిల్లా కాదు, అదే పేరున్న బ్లాకు) లాంటి బ్లాకులు కూడా. అక్కడి ఆఫీసుని మూడో వంతు ఆదాయం లేదని మామూలు ప్రాంతం లెక్కలో తూచితే ఆ తూకమే తప్పు. ఆ మూడు కిలోమీటర్లు మ్యాపు మీద గీసిన గీతా, కాలు నడిచే దారా అని కూడా అడగండి. మధ్యలో వంశధార ఉంటే వానాకాలం లెక్క వేరు.

ఇక ఆదాయం. స్పీడుపోస్టు డబ్బు బుక్ చేసిన చోట పడుతుంది. బరంపురంలో కట్టిన కవరుని మోసుకెళ్లి మారుమూల ఇంటి గుమ్మంలో ఇచ్చిన ఊళ్లో పడదు. మన ఊళ్లు ఉత్తరాలు అందుకునేవే, పంపేవి తక్కువ. రోజుకి ఎన్ని కవర్లు పంచారో లెక్కలోకి రాకపోతే ఆఫీసు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇంకో మెలిక: ఆఫీసులో డబ్బు లావాదేవీలు చేసే మిషనుకి నెట్ పట్టని రోజు. ఉపాధి కూలి తీసుకుందామని వచ్చినవాళ్లు వెనక్కి పోతారు. పుస్తకంలో ఆ రోజు సున్నా. ఇలాంటి సున్నాలు నెలకి పది పడితే ‘లావాదేవీలు తగ్గాయి’ అని రాస్తారు. తగ్గింది సిగ్నలు! అందుకే ఇవాళే ఒక నోటుబుక్కు పెట్టండి: తేదీ, ఆఫీసు తెరిచిన గంట, మూసిన గంట, మిషను పనిచేసిందా లేదా, ఎంతమంది తిరిగి వెళ్లారు. మూడు నెలలు రాస్తే మూడొందల సంతకాల కన్నా బరువు తూగుతుంది.

నిజం చెప్పాలంటే చాలా ఆఫీసులు నోటీసుకి ముందే సగం మూతపడి ఉంటాయి. బి.పి.ఎం., అంటే బ్రాంచి పోస్టుమాస్టరు, 65 ఏళ్లకి దిగిపోతారు. ఆ ఖాళీ నింపరు. పక్క ఊరి బి.పి.ఎం.కి ‘చార్జి’ ఇస్తారు, అంటే మన ఆఫీసు పని కూడా అదనంగా అప్పజెబుతారు. ఉన్న డ్యూటీయే రోజుకి నాలుగు గంటలో ఐదు గంటలో. అందులో రెండు ఊళ్లంటే మనకి గంటో గంటన్నరో దక్కుతుంది. ఆఫీసు గది కూడా బి.పి.ఎం.యే చూసుకోవాలి కాబట్టి మనిషి మారితే అరుగు కూడా మారిపోతుంది. ఎప్పుడు తీస్తారో తెలీక జనం మానేస్తారు, ఆ మానేసిన జనమే తర్వాత మూతకి రుజువు. నోటీసొచ్చాక ఏడవడం కాదు, చార్జి ఇచ్చిన నెలలోనే గొంతు లేవాలి.

ఆ ఖాళీ మన పిల్లలతో నిండదెందుకంటే, పదో తరగతి మార్కులొక్కటే చాలవు, స్థానిక భాష చదివుండాలి. తపాలా శాఖ ఒడిశా సర్కిల్లో అది ఒడియా. సరిహద్దు దాటి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు అప్లికేషన్ దగ్గరే ఆగిపోతారు. అటు మహారాష్ట్రలోని సిరొంచలో తెలుగువాళ్లకి మరాఠీతో ఇదే చిక్కు. నియమం మీద నాకు కోపం లేదు, ఒడియా రావాల్సిందే. కానీ సగం ఇళ్లలో తెలుగే చదివే ఊరికి తెలుగు చదవగలిగినవాళ్లు ఒక్కరైనా ఉండాలని అభిప్రాయాల్లో రాయడానికి మొహమాటమెందుకు?

నోటీసు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉందని పెద్దవాళ్లు వెనక్కి తగ్గక్కర్లేదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ ఇవ్వొచ్చు. తెలుగులో రాసి, పైన ఒడియాలో అర పేజీ సారాంశం కుట్టండి. అది చట్టం కోసం కాదు, చదివే గుమాస్తా కోసం.

లెక్కలు బయటికి లాగడానికి సమాచార హక్కు అర్జీ వెయ్యండి. రుసుము 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరు ‘అకౌంట్స్ ఆఫీసర్’ పేరున తీయాలి. పేరు ఖాళీగా వదిలేస్తే తిరిగొచ్చే ప్రమాదముంది. జవాబుకి 30 రోజులు, కాపీలకి పేజీకి 2 రూపాయలు. "ఎందుకు మూస్తున్నారు" అని అడిగితే కారణాలు చెప్పడం మా పని కాదంటారు. కాగితం అడగండి: గత మూడేళ్ల ఆదాయ వ్యయ పట్టిక, ఏటా జరిగే తనిఖీ రిపోర్టులు, చార్జి ఇచ్చిన ఆర్డరు కాపీ. గడువు 30 రోజుల కన్నా తక్కువుంటే, పట్టిక కోసం అడిగాం, అది వచ్చేదాకా గడువు పెంచండి అని అభిప్రాయంలోనే రాసి, ఆ సమాచార హక్కు అర్జీ రసీదు జెరాక్సు జతచెయ్యండి.

ఈలోపు పాస్‌బుక్కులు. కలిపేసినా పొదుపు ఖాతా డబ్బు ఎక్కడికీ పోదు. కానీ పుస్తకంలో చేత్తో రాసిన ఆర్.డి. (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వాయిదా కంప్యూటర్లో ఎక్కిందా లేదా అన్నది ఇప్పుడే మన బ్రాంచికి పైనుండే సబ్ పోస్టాఫీసుకెళ్లి సరిచూసుకోండి. పాత బి.పి.ఎం. ఊళ్లో ఉండగా తేలే తేడా, వెళ్లిపోయాక తేలదు. పోస్టాఫీసు పొదుపు ఖాతా వేరు, 2018లో వచ్చిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా వేరు. రెంటికీ నామినీ, ఫోన్ నంబరు విడివిడిగా చూడాలి.

అర్జీలన్నీ స్పీడుపోస్టులో పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టరు పోస్టు కూడా అందులోనే కలిసిపోయింది. పట్నంలో బుక్ చెయ్యకండి, మూసేస్తామంటున్న మన ఆఫీసులోనే చెయ్యండి. నాలుగు కవర్ల డబ్బైనా ఆ నెల దాని ఖాతాలో పడుతుంది, రసీదు మీద దాని పేరూ ఉంటుంది.