కడపకు ఒక రోజు ఇవ్వండి

గండికోట చూడ్డానికి వచ్చేవాళ్లు కడప బస్టాండ్‌లో దిగీదిగగానే జమ్మలమడుగు బస్సు ఎక్కడాగుతుందని అడుగుతారు. తిరుమల వెళ్లేవాళ్లు రైలు కిటికీలోంచి ఊరిని చూసి సాగిపోతారు. కడప బస్సు మారే ఊరన్న అభిప్రాయం బయటివారిలో బలపడిందంటే తప్పు వారిది కాదు. ఊళ్లో ఏమేం చూడాలో, ఒక్క రోజులో ఎలా చుట్టి రావాలో మనమే సరిగా చెప్పలేదు.

దేవుని కడప సంగతే తీసుకోండి. ఇక్కడి వేంకటేశ్వరుణ్ని అన్నమయ్య కడపరాయడని నోరారా కీర్తించాడు. ఉగాది నాడు ఈ గుడికి పొద్దున్నే వెళ్లాలి. ముస్లిం కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, కొబ్బరికాయ, బెల్లం పట్టుకుని దర్శనం వరుసలో నిలబడి ఉంటాయి. స్వామిని పెళ్లాడిందని చెప్పుకునే బీబీ నాంచారమ్మ వారి ఇంటి ఆడపడుచు, స్వామి అల్లుడు. పండగపూట అల్లుడిగారి గడప తొక్కడం వారికి తరతరాల ఆనవాయితీ. అదే ఊళ్లో అమీన్ పీర్ దర్గాకు హిందువులు పూలు, చాదర్ తీసుకెళ్లి మొక్కుకుంటారు. మతసామరస్యం గురించి సభల్లో ఎన్నో వింటాం. ఇక్కడ అది కళ్లెదుట కనిపిస్తుంది. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి చూడాల్సిన దృశ్యమిది.

ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు శుద్ధ ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. ఆ బంగళా ఉన్న చోటే నేటి ఈ కేంద్రం గ్రంథాలయం. తెలుగు చదివే ప్రతి పిల్లవాడూ ఒక్కసారైనా ఇక్కడి తాటాకు గ్రంథాన్ని దగ్గరగా చూడాలి. గంటంతో గీసిన సన్నని అక్షరాలు ఆకు మీద ఎంత ఇరుకుగా ఒదిగాయో చూస్తే, వాటిని చదివి తప్పులు దిద్దినవారి ఓపిక అర్థమవుతుంది. ఇంకాస్త తీరికుంటే యర్రగుంట్ల మండలంలోని కలమళ్లకూ వెళ్లొచ్చు. ఈ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది, అక్కడిదే. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా చరిత్రకారులు దాన్నే చెబుతారు.

వీటికోసం కోట్లు పోసి కొత్త కట్టడాలు కట్టనక్కర్లేదు. శని, ఆదివారాల్లో బస్టాండ్ నుంచి బయల్దేరి దేవుని కడప, దర్గా, బ్రౌన్ కేంద్రం చుట్టి వచ్చే ఒక సిటీ బస్సు కావాలి. ఏది ఎన్నింటికి తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో తెలుగులో పెద్దక్షరాలతో బోర్డులు పెట్టాలి. ఆడవాళ్లు టెన్షన్ లేకుండా వాడుకోగల మరుగుదొడ్లు, తాగునీరు, కూర్చోవడానికి నీడ ఉండాలి. కడప ఎండలు తెలిసినవారెవరూ నీడను చిన్న విషయం అనుకోరు. ఊరి చరిత్ర మీద ప్రేమున్న డిగ్రీ విద్యార్థులకు శిక్షణ ఇస్తే గైడ్లు ఇక్కడే తయారవుతారు, వారికి నాలుగు రూపాయలూ దక్కుతాయి. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు తిని, సాయంత్రం కారం దోశ రుచి చూసిన యాత్రికుడు రాత్రికి ఇక్కడే గది తీసుకుంటే హోటళ్లకూ ఆటోలకూ బేరం పెరుగుతుంది.

నగరపాలక సంస్థ, పర్యాటక, ఆర్టీసీ అధికారులు ఒకచోట కూర్చుంటే ఈ పని మొదలవడానికి ఏళ్లు పట్టదు. వచ్చే ఉగాదికి ముందే ఆ మొదటి బస్సును రోడ్డెక్కించాలని కోరుతున్నాం.