ఆటోనగర్‌లో ఆకు పసరు పంచాయితీ

స్థలం: విజయవాడ ఆటోనగర్‌లో ఒక నికెల్-క్రోమ్ ప్లేటింగ్ షాపు వెనక, వాడిన నీళ్లు శుద్ధి చేసే తొట్ల దగ్గర.

వాదులు: శిరీష, జామాయిల్ ఆకు కషాయంతో ఇనుప నానో కణాలు తయారుచేసి, వాటితో నీళ్లలోంచి క్రోమియం తీసే పని మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె బాబాయి ఈ షాపు ఓనరు. బంపర్లకూ సైలెన్సర్లకూ మెరుపు పట్టించి బతుకుతున్నాడు.

తగాదా: క్రోమియం తియ్యడానికి షాపులో వాడే బైసల్ఫైట్ అనే రసాయనమూ సున్నమూ మానేసి ఆకు పొడికి మారాలా, అక్కర్లేదా? మధ్యలో బ్రాకెట్లలో గొణిగేది నేను.

శిరీష: బాబాయ్, ఆ తొట్టిలో నీళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి చూడండి. అది ఆరు వేలెన్సీ క్రోమియం, క్యాన్సర్ తెచ్చే రకం. ఎలక్ట్రాన్లు ఇచ్చి మూడు వేలెన్సీకి దించితే విషం చాలావరకు తగ్గుతుంది. మా పొడి చేసేది ఆ పనే. ఆకులు నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, నీళ్లలో కాచి వడగడతాం. అందులో ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం పోస్తే అప్పటికప్పుడే నల్లబడుతుంది. ఆ నలుపులో ఉన్నవే కణాలు, 100 నానోమీటర్ల లోపువి.

బాబాయి: ఆ పని నా బైసల్ఫైట్ చెయ్యట్లేదా అమ్మాయ్? యాసిడ్ పోసి పీహెచ్ 2, 3 మధ్యకు దించుతాను. బైసల్ఫైట్ వేస్తే పసుపు పోయి ఆకుపచ్చగా తిరుగుతుంది. సున్నం కలిపి పీహెచ్ పైకి తెస్తే క్రోమియం బురదై అడుక్కి దిగుతుంది. బయటికి వదిలే నీళ్లలో ఆరు వేలెన్సీది లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని రూలు. మేం దాటట్లేదు. ఇంకేం కావాలి?

శిరీష: బైసల్ఫైట్ వేసేటప్పుడు మీ కుర్రాళ్లు మొహానికి తువ్వాళ్లు ఎందుకు చుట్టుకుంటున్నారు మరి? యాసిడ్‌లో అది పడగానే సల్ఫర్ డయాక్సైడ్ లేస్తుంది. ఇందాక లోపలికొస్తుంటే నాకే దగ్గొచ్చింది. మా పొడితో ఆ ఘాటు ఉండదు. ల్యాబుల్లో ఇనుప నానో పొడికి మామూలుగా వాడే సోడియం బోరోహైడ్రైడ్ కూడా అక్కర్లేదు. అది ఖరీదు, పైగా హైడ్రోజన్ వదులుతుంది.

బాబాయి: ఘాటు నిజమే, కాదన్ను. అయినా ఇనుముతో క్రోమియం తియ్యడం నాకేం కొత్త కాదు. ముందు ఫెర్రస్ సల్ఫేటే వాడేవాళ్లం. బురద ఎక్కువొచ్చి చచ్చేవాళ్లం.

శిరీష: రాక తప్పదు బాబాయ్. ఒక్క క్రోమియాన్ని దించడానికి మూడు ఫెర్రస్ అయాన్లు కావాలి. చివరికి సున్నం పడ్డాక ఆ మూడూ బురదలోకే పోతాయి. అదే లోహపు ఇనుమైతే ఒక్క పరమాణువే మూడు ఎలక్ట్రాన్లు ఇవ్వగలదు. ఒకటికి ఒకటి సరిపోతుంది.

బాబాయి: అయితే నీ పొడి లోహపు ఇనుమేనన్నమాట.

శిరీష: ...పూర్తిగా కాదు.

బాబాయి: ఆఁ, అక్కడ ఆగు! మీ పిన్ని పుట్టిల్లు పెడన. అక్కడ కలంకారీ నలుపు ఎలా వస్తుందో ఎన్నిసార్లు చూశానో. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. గుడ్డను ముందే కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టి ఉంచుతారు. ఆ ఇనప నీళ్లు చెక్క అచ్చుతో తీసుకుని గుడ్డ మీద అద్దితే, పెట్టిన చోటల్లా నల్లగా తేలుతుంది. నీ గాజు బీకర్లో నలుపు అదే కదా? దానికి నానో అని పేరెందుకు?

(ఈ దెబ్బ గట్టిది. కరక్కాయలోని వగరు పదార్థాలైన టానిన్లూ, జామాయిల్‌లోని పాలీఫీనాల్సూ దగ్గరి చుట్టాలు. ఇనుముతో కలిస్తే నల్లబడటం వాటి నైజం. నల్లబడింది కాబట్టి లోహపు నానో కణాలు తయారయ్యాయని రాసేసే పరిశోధకులకు ఆ నలుపొక్కటే సాక్ష్యం కాదని పెడనలో ఎవరైనా చెప్పగలరు.)

శిరీష: రసాయనం ఒకటే, ఒప్పుకుంటున్నాను. ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్‌రేలతో పదార్థాన్ని గుర్తుపట్టే పరీక్ష, తీస్తే లోహపు ఇనుముకు 44.7 డిగ్రీల దగ్గర పీక్ రావాలి. మాకు స్పష్టంగా రాలేదు. ఉన్నది ఎక్కువగా ఇనుమూ పాలీఫీనాల్సూ అల్లుకున్న ముద్ద, కొంత ఇనుప ఆక్సైడ్. కానీ బాబాయ్, పని జరుగుతోంది! డైఫినైల్ కార్బజైడ్ చుక్క వేస్తే ఆరు వేలెన్సీది ఉన్న నీళ్లు ఊదారంగు తిరగాలి. మా పొడి కలిపి వడగట్టిన నీళ్లలో ఆ రంగు రావట్లేదు. ఎలక్ట్రాన్లు ఇనుమే ఇవ్వాలని ఏముంది? ఆకు కూడా ఇస్తోంది.

బాబాయి: మరి వట్టి కషాయం పోసి చూశావా, ఇనుము లేకుండా?

శిరీష: చూశాం. అదీ కొంత దించుతుంది. కానీ వట్టి కషాయంతో దిగిన క్రోమియం నీళ్లలోనే ఉండిపోతుంది. ఇనుముంటే దానికి అంటుకుని వడపోతలో ఆగుతుంది. అదీ తేడా.

బాబాయి: సరే, ఆకు రసం మిగిలిన నీళ్లను నేను డ్రైనేజీలోకి వదిలితే సీఓడీ, అదే నీళ్లలోని మురికిని ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ లెక్క, పెరగదా? దానికి లీటరుకు 250 మిల్లీగ్రాములు హద్దు. క్రోమియం కేసు తప్పించుకుని సీఓడీ కేసులో ఇరుక్కోమంటావా?

శిరీష: అందుకే పొడిని కడిగి ఆరబెట్టి ఇస్తాం. కడిగిన నీళ్లు...

బాబాయి: ఆ కడిగిన నీళ్లు ఎవరింటికి పోతాయి?

(శిరీష దగ్గర దీనికి జవాబు లేదు. ఆకుతో చేశాం కాబట్టి పర్యావరణహితమని అట్ట మీద రాసుకోవడం తేలిక. కడుగు నీళ్ల లెక్క ఆ అట్ట మీదికి రాదు.)

బాబాయి: ఇంకోటి. వానాకాలం కోసిన ఆకూ, రోహిణి కార్తెలో కోసినదీ ఒకే తీరుగా ఉంటాయా? నా బైసల్ఫైట్ బస్తా మీద ఎంత శాతమో అచ్చేసి ఉంటుంది. నీ ఆకు మీద ఏముంటుంది?

శిరీష: ప్రతి విడత కషాయంలోనూ పాలీఫీనాల్స్ కొలిచి మోతాదు సవరిస్తాం. మీరు అనుకున్నంత కష్టమేం కాదు.

బాబాయి: నీకు కాదు, మా కుర్రాళ్లకు కష్టం. ఆమధ్య ఒకాయన వచ్చాడు, వేపాకుతో చేసిన వెండి నానో కణాలట, సీసం తీస్తాయట. సిల్వర్ నైట్రేట్ రేటు తెలుసా అన్నాను. వెండి కూడా భారలోహమే కదా, తాగే నీళ్లలో దానికీ 0.1 మిల్లీగ్రాము అని హద్దుంది కదా అని కూడా అన్నాను. మళ్లీ రాలేదు.

శిరీష: ఆయన సంగతి నాకొద్దు. నాది ఇనుము, కాస్త కలిసినా కొంపలేం మునగవు. అసలు మీరు షాపు దాటి ఆలోచించట్లేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది.

బాబాయి: తర్వాత అనుమానం పురుగుమందుల వైపు తిరిగింది, అది కూడా చెప్పు. పల్నాడు వెళ్తే అక్కడి బాధ ఫ్లోరైడ్. దానికి పటికా సున్నమూ వేసే నల్గొండ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఊళ్లో ఏ జబ్బున్నా నీ పొడే మందంటే ఎలా?

శిరీష: అన్నిటికీ అనలేదు. తాగే నీళ్లలో సీసం 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. ఆర్సెనిక్‌కూ అంతే. మీ సున్నంతో అంత కిందికి దించడం కష్టం. అక్కడ ఉపరితలం ఎక్కువున్న కణాలు పనికొస్తాయి. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం ఆర్సెనిక్ తీసే ఫిల్టర్ చేసింది కదా, అందులో ఉన్నవి ఇనుప ఆక్సైడ్ జాతి నానో కణాలే.

బాబాయి: ఆకుతో చేశారా?

శిరీష: కాదు, చిటోసాన్‌తో. రొయ్య పొట్టు నుంచి తీస్తారు.

బాబాయి: రొయ్య పొట్టా! భీమవరం వైపు గుట్టలుగా పడుంటుంది. ఆ కణాలు నీళ్లతో పాటు కొట్టుకుపోకుండా ఎలా ఆపారు?

శిరీష: చిటోసాన్ అల్లికలోనే ఇరికించారు. నేను కూడా పొడిని విడిగా పొయ్యకుండా గుళికల్లాగా చేసి గొట్టంలో నింపుదామనుకుంటున్నాను. మీ తొట్లన్నీ అయిపోయాక, చివర్లో ఒక్క గొట్టం. బైసల్ఫైట్ మానెయ్యమని ఇక అనను.

(వచ్చినప్పుడు మొత్తం మార్చేద్దామన్న మనిషి చివరి గొట్టానికి దిగింది. నన్నడిగితే ఈ పొడికి తగిన చోటు అదే. గ్రాములతో అయ్యే పనికి బస్తాల పోటీలో దిగడమెందుకు?)

బాబాయి: ఆ గుళికలు నిండాక ఎక్కడ పారేస్తావు? అందులో క్రోమియం ఉంటుంది కదా. నా బురదే ప్రమాదకర వ్యర్థమని చెప్పి విశాఖ దగ్గర అలాంటి వ్యర్థాలు తీసుకునే పరవాడ దాకా లారీ కట్టి పంపాల్సొస్తోంది.

శిరీష: అదే లారీలో. బురదతో పోలిస్తే ఎంతుంటాయి?

బాబాయి: అట్లాగైతే ఓ క్యాను నీళ్లు పట్టుకెళ్లు. డిస్టిల్డ్ వాటర్‌లో డైక్రోమేట్ అనే క్రోమియం ఉప్పు కలుపుకుని కాదు, నా తొట్టి నీళ్లతో చేసి చూపించు. అందులో నూనె ఉంది, సల్ఫేట్ ఉంది, నికెల్ కూడా ఉంది. తర్వాత చెప్పలేదనకు.

శిరీష: నికెల్ క్రోమియంలా కాదు, యాసిడ్ నీళ్లలో మా పొడికి అంటదు. పీహెచ్ పెంచితే పడుతుంది.

బాబాయి: పెంచాలంటే సున్నం బస్తా ఉండాల్సిందేగా?

శిరీష: ఉండనివ్వండి. క్యాను ఎక్కడుంది?