పెళ్ళిచూపుల్లో టైగర్స్

పాత జపాన్ సినిమా అంటే మా ఇంట్లో వాళ్ళకి కత్తియుద్ధమైనా ఉండాలి, గాడ్జిల్లా అయినా ఉండాలి. నేను పెట్టింది 1968లో తోహో వాళ్ళు తీసిన 'ప్రపంచం మన కోసం ఎదురుచూస్తోంది'. ఇందులో హీరోలు ఐదుగురు, టైగర్స్ అనే రాక్ బ్యాండ్. 1966లో బీటిల్స్ టోక్యో బుడోకాన్ హాల్లో పాడి వెళ్ళాక జపాన్ కుర్రాళ్ళు గుంపులు గుంపులుగా గిటార్లు పట్టారు. వాళ్ళలో అమ్మాయిలు ఎక్కువగా వెర్రెత్తిపోయింది వీళ్ళకే. కథంటారా, ఆండ్రోమెడా అనే నక్షత్రలోకం నుంచి వస్తున్న రాకుమారి అంతరిక్షనౌక వీళ్ళ గిటార్ల హోరుకి బుర్ర తిరిగి భూమ్మీద దిగిపోతుంది. ఆమె పాటగాడు జూలీ మీద మనసు పడుతుంది. మన జానపదాలు చూసినవాళ్ళకి ఇందులో వింతేం లేదు.

సబ్‌టైటిల్స్ లేవు. అమ్మకి వాటితో పని లేదు. "ముందు ఆ జుట్లు కత్తిరించుకోమను" అంది. అప్పట్లో జపాన్ పబ్లిక్ టీవీ ఎన్‌హెచ్‌కేదీ అదే మాట, జుట్టు పొడుగని వీళ్ళని గడప తొక్కనివ్వలేదు.

పాట మొదలైంది. జూలీ నోరు తెరిచాడు, డ్రమ్స్ కుర్రాడు పూనకం వచ్చినట్టు బాదుతున్నాడు, టీవీలో మాత్రం చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. హోరంతా పై ఫ్లాట్లోంచి వస్తోంది! వినాయక చవితికి మా తమ్ముడు పైవాళ్ళ బ్లూటూత్ స్పీకర్‌ని మా టీవీకి కలిపాడు. నిమజ్జనమై నెలలైనా టీవీ ఆ చుట్టరికం వదల్లేదు.

పైన పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. సన్నగా వీణ వినిపిస్తున్న స్పీకరు, పెళ్ళికొడుకు తండ్రి మైసూర్‌పాక్ కొరకబోతుండగా ఒక్కసారిగా గర్జించిందట. మైసూర్‌పాక్ కాఫీలో పడింది, కాఫీ పంచె మీద పడింది. "కుర్రాడు మాత్రం కాలితో తాళం వేశాడు" అని పెళ్ళికూతురు తర్వాత చెప్పింది.

వాళ్ళు ఆలోచించుకుని ఫోన్ చేస్తామని వెళ్ళిపోగానే పైఫ్లాట్ ఆంటీ కిందికి దిగింది. తమ్ముడు బాత్రూంలో దూరాడు. ఆవిడ తిట్టడానికి నోరు తెరిచి, టీవీ వంక చూసి ఆగిపోయింది.

"ఆ మధ్యలో అబ్బాయికి పెళ్ళయిందా?"

"ఆయనకిప్పుడు డెబ్బై దాటాయాంటీ."

"పోనీ, ఆ డ్రమ్స్ కొట్టేవాడు?"

"బ్యాండ్ మానేసి హైస్కూల్లో చైనీస్ మాస్టారయ్యాడట."

"చూశావా వదినా, స్థిరమైన ఉద్యోగం!" అని అమ్మ వైపు తిరిగి, ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.