గేర్‌బాక్సు కొన్న ఇంజన్ కంపెనీ

చైనా డీజిల్ ఇంజన్ కంపెనీ వెయ్‌చాయ్ గురించి వార్త వచ్చిందంటే అందులో శాతాల లెక్క ఉండి తీరుతుంది. 2020లో 50.26, 2022 జనవరిలో 51.09, అదే ఏడాది నవంబరులో 52.28, 2024 ఏప్రిల్‌లో 53.09. డీజిల్‌లో ఉన్న శక్తిలో ఎంత భాగం క్రాంక్‌షాఫ్ట్ దగ్గర పనిగా మారుతుందో చెప్పే ఉష్ణ సామర్థ్యం ఇది. కంపెనీ ఎదిగాక సాధించిన అంకెలివి. ఎదుగుదలకు కారణం వేరే చోట ఉంది.

ముందు ఆ శాతాల విలువెంతో చూద్దాం. కిలో డీజిల్‌లో, కరెంటు లెక్కలో చెప్పాలంటే, సుమారు 11.9 యూనిట్ల శక్తి ఉంటుంది. సామర్థ్యం 46 శాతమైతే ఒక యూనిట్ పనికి ఇంజన్ 183 గ్రాములు తాగుతుంది, 50 శాతమైతే 168. సగటున 120 కిలోవాట్ల భారంతో 8 గంటలు నడిచే లారీకి అది రోజుకు 16, 17 లీటర్ల ఆదా. లారీ యజమానికి ఇది తీసిపారేసే లెక్క కాదు. కాకపోతే ఆ శాతం పరీక్షించే బెంచి మీద, ఇంజన్‌కు బాగా కుదిరిన ఒకే వేగం, ఒకే భారం దగ్గర కొలిచినది. ఖాళీ లారీ వెళ్తున్నా, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఊరికే తిరుగుతున్నా ఆ అంకె దగ్గర్లో కూడా ఉండదు.

వెయ్‌చాయ్ మూలాలు 1946 నాటివి. ఊరు షాన్‌డాంగ్ రాష్ట్రంలోని వెయ్‌ఫాంగ్. 1980లలో చైనా ఆస్ట్రియా కంపెనీ స్టైర్ నుంచి బరువు లారీల పరిజ్ఞానం కొన్నప్పుడు, ఇంజన్ తయారీ వెయ్‌ఫాంగ్‌కు దక్కింది. అదే డబ్ల్యూడీ615. వరసగా 6 సిలిండర్లు, 126 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వ్యాసం), 130 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 9.7 లీటర్లు. దీని అసలు గుణం ఒక్కో సిలిండర్‌కు ఒక్కో హెడ్, అంటే పైమూత, ఉండటం. గాస్కెట్ కొట్టేస్తే ఆ ఒక్క హెడ్ దింపి మారిస్తే చాలు, మిగతా ఐదింటి జోలికి పోనక్కర్లేదు. ఓవర్‌లోడ్, మట్టి రోడ్లు, అరకొర షెడ్లు ఉన్నచోట ఈ ఏర్పాటు ఇంజన్‌కు ప్రాణం పోసింది. తర్వాత స్ట్రోకును 155కు పెంచి 11.6 లీటర్ల డబ్ల్యూపీ12 తీశారు. బోరు మాత్రం పాతదే.

మంచి ఇంజన్ చేతిలో ఉన్నా 1998 నాటికి ఫ్యాక్టరీ దివాలా అంచున ఉంది. కార్మికులకు ఆరు నెలల జీతం బాకీ. అప్పుడు 37 ఏళ్ల తాన్ షూగ్వాంగ్ పగ్గాలు పట్టాడు. మందిని తగ్గించి, బాకీలు తీర్చి, 2004లో కంపెనీని హాంకాంగ్ షేర్ మార్కెట్‌కు తీసుకెళ్లాడు. అయితే అసలు ముప్పు లోపలి లెక్కల్లో లేదు. ఇంజన్ ఒక్కటే అమ్మే కంపెనీ ఎప్పుడూ లారీ కంపెనీ దయ మీద బతకాలి. లారీ కంపెనీ సొంత ఇంజన్ చేసుకున్న రోజున దీని పని అయిపోయినట్టే. వెయ్‌చాయ్ మాతృసంస్థ, లారీలు చేసే సైనోట్రక్ చేతిలోని హాంగ్‌ఝౌ ఫ్యాక్టరీ కూడా అదే స్టైర్ ఇంజన్ చేసేది. 2006లో ఇద్దరూ విడిపోయారు.

అప్పటికే తాన్ తన పని చక్కబెట్టుకున్నాడు. 2004లో డె లాంగ్ అనే ప్రైవేటు గ్రూపు కుప్పకూలింది. దాని చేతిలోని టార్చ్ ఆటోమొబైల్‌లో 28.12 శాతం వాటాను 2005లో వెయ్‌చాయ్ సుమారు 102 కోట్ల యువాన్లకు కొన్నది. టార్చ్ పేరు పుట్టింది స్పార్క్ ప్లగ్గులతో. స్పార్క్ ప్లగ్గే అక్కర్లేని డీజిల్ ఇంజన్ కంపెనీకి దానితో ఏం పని? టార్చ్ కింద షాన్షీ హెవీ ట్రక్‌లో 51 శాతం, ఫాస్ట్ గేర్‌బాక్సుల కంపెనీలో 51 శాతం ఉన్నాయి. హాన్‌డే యాక్సిళ్లూ ఆ గూటివే. 2007లో టార్చ్‌ను పూర్తిగా కలుపుకున్నారు. ఇంజన్, గేర్‌బాక్సు, యాక్సిల్ ఒకే ఇంట్లోకి వచ్చాయి.

దీంతో మారింది బేరమాడే బలం ఒక్కటే కాదు. ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ టార్క్ (తిప్పే బలం) ఇస్తే డీజిల్ ఆదా అవుతుంది. దానికి తగ్గట్టు గేర్ నిష్పత్తులు, వెనక యాక్సిల్ హౌసింగ్‌లో క్రౌన్ చక్రం పళ్ల లెక్క మారకపోతే మాత్రం ఆ ఆదా రోడ్డు మీద కనిపించదు, క్లచ్ అరుగుతుంది. మూడూ ఒకే బల్ల మీద గీసుకునే అవకాశం వచ్చింది. పైగా ఫాస్ట్ గేర్‌బాక్సు పోటీ కంపెనీల లారీలకూ కావాలి. 2018లో అదే తాన్ సైనోట్రక్‌కూ ఛైర్మన్ అయ్యాడు. వేరుపడ్డ ఇల్లు మళ్లీ ఒకరి చేతికిందికే వచ్చింది.

విదేశీ కొనుగోళ్లలో అన్నీ ఒక తూకం కావు. 2012లో కొన్న ఇటలీ విహార నౌకల కంపెనీ ఫెరెట్టీకి ఈ కథలో పెద్ద పాత్ర లేదు. అదే ఏడాది 73.8 కోట్ల యూరోలతో జర్మనీ ఫోర్క్‌లిఫ్టుల కంపెనీ కియాన్‌లో 25 శాతం, లిండే హైడ్రాలిక్స్‌లో 70 శాతం తీసుకోవడం మంచి బేరం. ఫోర్క్‌లిఫ్టుల ఆదాయం లారీల అమ్మకాలతో పాటే పడిపోయేది కాదు. ఆ అండ ఎంత అవసరమో తర్వాత తెలిసింది: చైనాలో బరువు లారీల అమ్మకాలు 2020లో 16 లక్షలు దాటి, 2022లో 6.7 లక్షలకు పడిపోయాయి.

ఆ గోతిలోంచి పైకి తెచ్చినవాటిలో మొదటిది గ్యాస్. డీజిల్ కంటే ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజ వాయువు) చౌకైనప్పుడు లారీల వాళ్లు అటు మళ్లారు. ఆ ఇంజన్లలో సగానికి మించి వెయ్‌చాయ్‌వే. గ్యాస్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ కావాలి, టార్చ్ కొనుగోలు అలా ఇంకో రకంగానూ కలిసొచ్చింది. చైనా-6 అనే పొగ కాలుష్య ప్రమాణం కోసం ఈ ఇంజన్లలో గ్యాస్‌ను అది మండటానికి సరిగ్గా సరిపోయేంత గాలితోనే మండిస్తారు కాబట్టి పొగ వేడి చాలా ఎక్కువ. వాల్వ్ సీట్లు త్వరగా అరుగుతాయి, వాల్వ్ దగ్గర వదిలే సందు (క్లియరెన్స్) తగ్గుతుంది, పట్టించుకోకపోతే వాల్వ్ కాలుతుంది. గ్యాస్‌కు చెప్పిన తక్కువ బూడిద ఆయిల్ బదులు డీజిల్ ఆయిల్ పోస్తే ప్లగ్గుల మీద, పిస్టన్ మీద పొర కట్టి నాకింగ్ (గ్యాస్ వేళ తప్పి అంటుకుని ఇంజన్ కొట్టుకోవడం) మొదలవుతుంది.

రెండోది డేటా సెంటర్. కరెంటు పోతే దాన్ని నడిపేది జనరేటరే. 2009లో 30 లక్షల యూరోల లోపే కొన్న ఫ్రాన్స్ కంపెనీ బోడ్వాఁ పేరుతో ఇప్పుడు పెద్ద జనరేటర్ ఇంజన్లు అమ్ముతున్నారు. 16 సిలిండర్ల ఎం33 పరిమాణం 52.3 లీటర్లు, 2 మెగావాట్ల స్థాయి కరెంటు ఇస్తుంది. అమెరికా, జర్మనీ కంపెనీల దగ్గర డెలివరీకి నెలల తరబడి ఆగాల్సి రావడమే వీళ్లకు తలుపు తెరిచింది. హైదరాబాద్‌లో ఉన్న డేటా సెంటర్లు, విశాఖలో ప్రకటించినవి అన్నిటికీ ఇలాంటి సెట్లు కావాలి. మనకు ఆయిల్ ఇంజన్ అంటే కిర్లోస్కర్ గుర్తొస్తుంది గానీ ఇది వేరే లోకం. పది సెకన్లలో స్టార్టై భారం ఎత్తుకోవాలంటే కూలెంట్‌ను ఎప్పుడూ వెచ్చగా ఉంచాలి. పూర్తి భారంలో 2 మెగావాట్ల సెట్టు గంటకు 500 లీటర్లు తాగుతుంది, అంటే ఒక్క రోజుకు 12,000 లీటర్ల నిల్వ. నెలనెలా ఖాళీగా తిప్పి ఆపేస్తే సరిగా మండని డీజిల్ పొగగొట్టంలో జిడ్డుగా చేరుతుంది. లోడ్ బ్యాంక్ (కృత్రిమంగా భారం మోపే పరికరం) పెట్టి కనీసం 30 శాతం భారంతో నడపాలి. జనరేటర్ల పొగ మీద మన సీపీసీబీ-4 ప్లస్ నిబంధన 800 కిలోవాట్ల వరకే కాబట్టి ఈ సెట్లు దాని కిందికి రావు.

హైడ్రోజన్ మీద పెట్టిన పందెం ఇంత బాగా లేదు. 2018లో హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్స్ చేసే కెనడా కంపెనీ బల్లార్డ్‌లో 16.3 కోట్ల డాలర్లతో 19.9 శాతం తీసుకున్నారు. ఆ ఫ్యూయల్ సెల్ లారీలు చైనాలో కూడా ఇంకా సబ్సిడీ మీదే నడుస్తున్నాయి. అసలు పోటీ బ్యాటరీ లారీ. గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు, ఓడరేవుల చుట్టూ తిరిగే చిన్న దూరాల్లో అది ఇప్పటికే డీజిల్‌ను, గ్యాస్‌ను నెట్టేస్తోంది. ఆ లారీలో ఇంజన్ ఉండదు. మోటారును నేరుగా యాక్సిల్‌లోనే అమరిస్తే ఫాస్ట్ వారి 12 స్పీడ్ల గేర్‌బాక్సుకూ చోటుండదు. ఒకే ఇంట్లోకి తెచ్చిన ఇంజన్, గేర్‌బాక్సు, యాక్సిల్ మూడింటిలో హాన్‌డే యాక్సిల్‌కే అక్కడ పని ఉంటుంది.