ఇస్రోకి వ్యాపారం తెలీదు

ప్రభుత్వాలు పనిచేయవని సణిగేవాళ్ళ నోరు మూయించాలంటే ఒక్క ఫైలు చూపిస్తే చాలు. సినిమా టికెట్ రేట్ల ఫైలు. డీఏ బకాయిల ఫైలుకి ఆర్థిక శాఖ గుమ్మం దాటడం చేతకాదు. పింఛను దరఖాస్తు మండలాఫీసు బీరువాలో కుంభకర్ణుడికి పాఠాలు చెబుతుంటుంది. ఈ ఫైలుకి మాత్రం కునుకు పట్టదు. రిలీజ్ దగ్గర పడేసరికి మెమో సిద్ధం. సింగిల్ స్క్రీన్‌కి ఎంత, మల్టీప్లెక్స్‌కి ఎంత, ఎన్నాళ్ళు, అదనపు ఆట ఉందా లేదా, అన్నీ పొల్లుపోకుండా ఉంటాయి.

ఈ రంగంలో ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రయోగాలు చిన్నవేం కావు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 35వ నంబరు జీవో ప్రకారం పంచాయతీ ఊళ్ళో ఏసీ లేని హాల్లో నేల టికెట్ 5 రూపాయలు. ఇంటర్వెల్లో సమోసా కంటే హీరోగారే చవక. మరుసటి ఏడాది మార్చిలో 13వ నంబరు జీవో వచ్చి కనీసం 20 అంది. హీరో, హీరోయిన్, డైరెక్టర్ల పారితోషికం తీసేశాక కూడా ఖర్చు 100 కోట్లు దాటితే పది రోజులు రేటు పెంచుకోండని దయతలచింది. మన పెద్ద సినిమాలో ఆ ముగ్గురి జీతాలు తీసేస్తే మిగిలేదేమిటో లెక్కగట్టిన ఆడిటర్లకి నా సానుభూతి.

తెలంగాణది ఇంకో దారి. 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్లకి మామూలు రేటు మీద అదనంగా 800 వడ్డించుకోమన్నారు. ఆ రాత్రే హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది. డిసెంబర్ 21న ముఖ్యమంత్రి అసెంబ్లీలో లేచి, తానున్నంతకాలం బెనిఫిట్ షోలూ రేట్ల పెంపూ ఉండవని చెప్పారు. మూడు వారాలు తిరక్కముందే ‘గేమ్ ఛేంజర్’కి రేట్లు పెంచుతూ మెమో వచ్చేసింది. తర్వాత హైకోర్టు ఇదేమిటని అడిగితే వెనక్కి తీసుకున్నారు. మాట మీద నిలబడటం అంటే ఒకేచోట నిలబడటం అని ఎవరన్నారు?

ఇంత ప్రతిభ మన దగ్గర పెట్టుకుని, పాపం ఇస్రోని గాలికి వదిలేశాం. చంద్రయాన్-3 ఖర్చు 615 కోట్ల దాకా అయింది, అంటే పాన్ ఇండియా బడ్జెట్టే. దీని ముందు భాగం చంద్రయాన్-2లో ల్యాండర్ 2019 సెప్టెంబర్‌లో చంద్రుడి మీద కుప్పకూలి, కథ కన్నీళ్ళతో ముగిసింది. నాలుగేళ్ళకి సీక్వెల్. 2023 జూలై 14న శ్రీహరికోటలో రిలీజ్, ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి క్లైమాక్స్. నలభై రోజుల రన్! ఈ రోజుల్లో ఏ సినిమాకుందండీ? ల్యాండర్ దిగిన చివరి పంతొమ్మిది నిమిషాలు ఊరూవాడా ఊపిరి బిగబట్టాయి. ఇక ప్రజ్ఞాన్ రోవర్ ఎంట్రీ అయితే, సెకనుకి ఒక సెంటీమీటరు. అంత స్లో మోషన్ మోయగల హీరో ఇండస్ట్రీలో ఇంకా పుట్టలేదు.

ఇంతా చేసి, దాన్ని యూట్యూబ్‌లో ఊరికే చూపించారు! లక్షల మంది చంద్రుణ్ణి పైసా ఖర్చు లేకుండా చూసేసి, కప్పులు కడుక్కుని, సీరియల్ పెట్టుకున్నారు. శ్రీహరికోట గ్యాలరీకి కూడా ఆన్‌లైన్‌లో పేరు రాయించుకుంటే చాలట, టికెట్ లేదు. సూళ్ళూరుపేటలో ఒక్క డిస్ట్రిబ్యూటర్ కూడా సలహా ఇవ్వలేదా?

అందుకని ఇస్రోని తక్షణం సినిమాటోగ్రఫీ శాఖ కింద చేర్చాలని డిమాండ్ చేస్తున్నాను. గగన్‌యాన్‌లో మనిషిని పంపే రోజుకి మెమో ముసాయిదా కూడా సిద్ధంగా ఉంది. కౌంట్‌డౌన్ పది నుంచి చూడాలంటే 800, మూడు నుంచి అయితే 175. మొదటి పది రోజులు కక్ష్యకి అదనపు వసూలు. ప్రయోగం వాయిదా పడితే డబ్బు వాపసు ఉండదు, వ్యోమగామి ప్రెస్‌మీట్ పెట్టి సారీ చెబుతాడు. వ్యతిరేకంగా రివ్యూ రాసినవాళ్ళ మీద కేసు. పాలాభిషేకానికి మాత్రం అనుమతి ఇవ్వలేం. థియేటర్ ముందు కటౌట్ నిల్చున్నచోటే నిల్చుంటుంది. శ్రీహరికోటలో కటౌట్ అంటే 53 మీటర్ల రాకెట్టే, పైగా కింద నిప్పు వాళ్ళే పెడతారు.