హెచ్‌ఎంటీని టైటన్ చంపిందా? ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

నల్గొండ వాట్సాప్ గ్రూపుల్లో నల్ల డయల్ ఉన్న హెచ్‌ఎంటీ ‘పైలట్’ మోడల్ వాచీ ఫొటోతో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. హెచ్‌ఎంటీ నూటికి నూరుపాళ్ళు స్వదేశీ వాచీ అట. పాపం దానికి బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల సంగతే తెలియదట. టైటన్ కోసం రాత్రికి రాత్రి మూయించారట. ఒక్కసారి కొంటే యాభై ఏళ్ళు సర్వీసింగ్ అక్కర్లేదట. చివర్లో అసలు సంగతి: గోడౌన్‌లో మిగిలిన పాత స్టాక్ అమ్ముతున్నాం, త్వరపడండి.

పెళ్ళిలో మా నాన్నకు పెట్టిన జనతా వాచీ ఇప్పుడు నా చేతికి ఉంది. ఆ కంపెనీ మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఈ మెసేజ్‌కు జవాబు రాస్తున్నాను.

స్వదేశీ మాట ముందు చూద్దాం. హెచ్‌ఎంటీ 1953లో బెంగళూరులో పుట్టిన ప్రభుత్వ సంస్థ. వాచీల తయారీ మాత్రం 1961లో, జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో మొదలైంది. పాత జనతా ఉంటే డయల్ చూడండి, ‘పారాషాక్’ అని కనిపిస్తుంది. వాచీ కింద పడ్డా లోపలి సన్నటి ఇరుసు విరగకుండా కాపాడే ఏర్పాటుకు సిటిజన్ పెట్టుకున్న పేరది. జపాన్ వాళ్ళ దగ్గర నేర్చుకుని మనవాళ్ళు జనతా, పైలట్, కోహినూర్ లాంటి మోడళ్ళు చేశారు, చూపు లేనివాళ్ళు తడిమి టైం తెలుసుకునే బ్రెయిలీ వాచీ కూడా చేశారు. ఇందులో దాచిపెట్టాల్సింది ఏముంది?

క్వార్ట్జ్ తెలియదన్నది పూర్తిగా తప్పు. 1981లోనే హెచ్‌ఎంటీ క్వార్ట్జ్ వాచీ తెచ్చింది. టైటన్ కంపెనీ పెట్టిందే 1984లో, దాని వాచీలు బజారుకు వచ్చింది 1987లో. అంటే మన సర్కారు కంపెనీ ఆరేళ్ళు ముందుంది. ముందుండి కూడా తన బలమంతా కీ వాచీల మీదే పెట్టింది. జనతా మిషన్ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, రోజూ కీ తిప్పాలి, రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయినా ఎవరూ తప్పు పట్టరు. క్వార్ట్జ్‌లో స్ఫటికం సెకనుకే 32,768 సార్లు కంపిస్తుంది. తేడా నెలకు కొన్ని సెకన్లు, పైగా కీ గొడవే లేదు. కొనేవాళ్ళు ఎటు పోతారో చెప్పక్కర్లేదు. టైటన్ మొదటి రోజు నుంచీ క్వార్ట్జ్‌నే నమ్ముకుంది, రకరకాల డిజైన్లు మంచి షోరూముల్లో పెట్టింది. పోటీ కూడా టైటన్ ఒక్కదాని నుంచే రాలేదు. మన హైదరాబాద్ ఆల్విన్ సీకో సాయంతో వాచీలు చేసింది 1980లలోనే.

టాటాల కోసం జరిగిన కుట్ర అనేవాళ్ళు ఒకటి మర్చిపోతున్నారు. టైటన్‌లో టాటాలతో పాటు భాగస్వామి తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ టిడ్కో. హోసూరు ఫ్యాక్టరీ అలా వచ్చిందే.

రాత్రికి రాత్రి మూసిందీ లేదు. ఏళ్ళ తరబడి నష్టాలు పేరుకున్నాయి. 2014లో హెచ్‌ఎంటీ వాచీల అనుబంధ కంపెనీ మూసివేత మాట బయటికి వచ్చింది, 2016 జనవరిలో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. అదే నిర్ణయంలో హైదరాబాద్‌లోని హెచ్‌ఎంటీ బేరింగ్స్ కూడా పోయింది. ఉద్యోగులకు 2007 నాటి జీతాల స్కేలు లెక్కన స్వచ్ఛంద విరమణ ఇచ్చారు. 2016లో ఇచ్చే ప్యాకేజీకి 2007 స్కేలు వర్తింపజేయడమే మేలు చేసినట్టయిందంటే, అప్పటిదాకా వాళ్ళు ఎంత పాత జీతాలతో నెట్టుకొచ్చారో ఊహించండి. నాకు బాధ కలిగించేది ఇదే. కుట్ర కథలో ఆ కార్మికుల ఊసే లేదు.

సర్వీసింగ్ గురించి ఒక్క మాట చాలు. లోపలి నూనె నాలుగైదేళ్ళకు ఎండిపోతుంది, ఆ తర్వాత చక్రాలు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. మీ తాత వాచీ ఇంకా నడుస్తోందంటే మధ్యలో ఎవరో మెకానిక్ చేయి పడింది.

ఇక ‘పాత స్టాక్’. ఎరుపు, పచ్చ, నారింజ రంగుల్లో మెరిసే డయళ్ళతో ఆన్‌లైన్‌లో దొరికే పైలట్లలో చాలావాటికి పాత మిషన్ మీద కొత్తగా అచ్చేసిన డయల్ బిగిస్తున్నారు. కేసు ఒక మోడల్‌ది, ముళ్ళు ఇంకో మోడల్‌వి. అవి టైం చూపిస్తాయి, కాదనను. కానీ ‘ఎప్పుడూ వాడని ఒరిజినల్’ అని చెప్పి రెండింతలు గుంజడం మోసం. కొనేముందు భూతద్దం పెట్టి డయల్ అక్షరాలు చూడండి. అంచులు అలుక్కుపోయినట్టుంటే కొత్త అచ్చే. ముళ్ళ మీద పూత ఒక రంగు, అంకెల మీద ఇంకో రంగు ఉన్నా అనుమానించండి. వెనక మూత తీసి మిషన్ ఫొటో పంపమనండి. కొత్తదన్న వాచీలో స్క్రూల తలలు గీతలు పడి ఉంటే అది ఎన్నోసార్లు విప్పినదే. ఫొటో పంపనంటే డబ్బు పంపకండి.

కొత్త హెచ్‌ఎంటీ కావాలంటే ఆ గోడౌన్ కథ అవసరమే లేదు. వాచీల అనుబంధ కంపెనీ మూతపడినా, మాతృసంస్థ బెంగళూరు నుంచి ఆ పేరుతో వాచీలు అమ్ముతూనే ఉంది. నేరుగా అక్కడే కొనండి.