జంపఖానా మీద ఎనిమిది సీసాలు

ఎండాకాలం సెలవులకు మా ఆవిడ పిల్లల్ని తీసుకొని జమ్మికుంటకు, తల్లిగారింటికి పోయింది. పోతూ పోతూ ఒక్కటే చెప్పింది: "డాబా మీద జంపఖానా ఆరేసిన, పొద్దుగూకంగ తీయి." వరంగల్ కొత్తవాడలో నేసిన ఎర్ర జంపఖానా. పెళ్లికి వాళ్లమ్మ పెట్టింది. సరే అన్నాను.

ఆ రాత్రే ఇద్దరు దోస్తులు వచ్చిండ్రు. అదే జంపఖానా మీద కూసున్నం. ఖాళీ సీసాలు కిందికి తెస్తే పక్కింటాయన చూస్తాడని జంపఖానా మూలకు వరుసగా పండబెట్టాను, రేపు పారేద్దామని. ఆ రేపు నెల తర్వాత, ఆమె వచ్చే ముందు రాత్రి వచ్చింది. చీకట్లోనే సీసాలు మాయం చేసి, జంపఖానా దులిపి మడత పెట్టాను.

తెల్లారి హాల్లో పరిచింది. మొత్తం వెలిసి తెల్లబారింది. మూలన మాత్రం ఎనిమిది ఎర్రటి ఆకారాలు, మెడలతో సహా.

"ఇవేంది సారూ?"

"ఎండ వేడికి రంగు పోయినట్టుంది."

ఆమె ఒక ఎర్రమచ్చను తడిమింది. "వేడికైతే ఈడ గూడ పోవాలె గద. సీసా కింద సల్లగుంటదా?"

పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నాకు నోట మాట రాలేదు. రంగును తినేది వేడి కాదు, వెలుతురు. అద్దకపు అణువు మింగిన కాంతే దాన్ని కుదిపి బంధాలు తెంచుతుంది, గాలిలోని ఆక్సిజన్ ఓ చెయ్యి వేస్తుంది. మింగని కాంతి ఏమీ చెయ్యదు. ఏటా బోర్డు మీద నేను రాసే గ్రోటస్–డ్రేపర్ నియమమే ఇది. ఇక బీరు సీసాకు ఆ గోధుమరంగు ఎందుకంటే, నీలి, అతినీలలోహిత కిరణాలు తగిలితే బీరులో వేసే హాప్స్ పూల చేదు విరిగి బీరు కంపు కొడుతుంది. బీరు అయిపోయినా సీసా డ్యూటీ దిగలేదన్నమాట. పచ్చ సీసాలు తెచ్చుకున్నా కొంత నయముండేది! పైగా మే రెండో వారంలో వరంగల్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు, నీడ ఎటూ పోకుండా కిందే పడుతుంది. 1843లో అన్నా అట్కిన్స్ అనే ఇంగ్లండు ఆవిడ ఇనుప లవణాలు పూసిన కాగితం మీద సముద్రపు నాచు పరిచి, ఎండతోనే బొమ్మలు దించింది. ఆమెకు పేరొచ్చింది.

"ఫోన్ల రెండే అన్నవు," అంది మా ఆవిడ, వేలు పెట్టి లెక్కబెడుతూ.

ఇప్పుడు ఆ మచ్చలు కూడా వెలిసిపోవాలని, మిగతాదంతా పాత దుప్పట్లు కప్పి జంపఖానాను మళ్లీ డాబా ఎక్కించాను. వారం నుంచి ఒకటే ముసురు.